పద్నాలుగో నంబరు కూనిరాగం

ఆమెను ఫ్యాక్టరీలో అందరూ డేగ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. చివరికి ఇంట్లో భర్త కూడా డేగ పేరే ఖాయం చేశాడు. అతను బస్సు డిపోలో మెకానిక్. చేతులకంటిన గ్రీజు ఎంత తోముకుని వచ్చినా, గుమ్మంలోనే ఆపి, "చిటికెన వేలి గోరు పక్కన చూడు," అంటుంది. చూస్తే ఉంటుంది. కంచంలో వెంట్రుక, చొక్కా మీద దారప్పోగు, కిటికీ అద్దంలో సన్నటి బీట, ఇవన్నీ ఇంట్లో వాళ్ళకంటే ముందు ఆమెకు కనిపిస్తాయి. "నీతో కాపురం అంటే రోజూ పరీక్షకి కూర్చోవడమే," అని అతను విసుక్కుంటాడు. ఆ విసుగులో కాస్త గర్వం కూడా కలిసి ఉంటుంది. డిపోలో ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే, "చూస్తుంది," అంటాడు. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు.

ఆమె పని నిజంగా చూడడమే. ఆ ఫ్యాక్టరీలో సెలైన్ సీసాలు తయారవుతాయి. నింపి, మూతబిగించి, ఉడికించి, చల్లార్చిన సీసాలు చివరగా చూపుల గదికి వస్తాయి. అక్కడ ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకే వరుసలో కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందూ ఒక దీపం, దాని వెనక రెండు పలకలు ఉంటాయి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. సీసాను మెడ దగ్గర పట్టుకుని, ఒకసారి తలకిందులు చేసి, నీళ్ళు సుడి తిరిగేలా తిప్పి, నల్లపలక ముందు పెట్టి ఐదు సెకన్లు, తెల్లపలక ముందు పెట్టి ఐదు సెకన్లు చూడాలి. తెల్ల నలక నల్లపలక మీద దొరుకుతుంది, నల్ల నలక తెల్లపలక మీద. తిప్పగానే బుడగలు పైకి పోతాయి, నలక కిందికి దిగుతుంది. కొత్తవాళ్ళ కళ్ళు బుడగల వెంట పోతాయి. పాతవాళ్ళ కళ్ళు కిందికి దిగేదాని కోసం కాచుకుని ఉంటాయి. అందులోనూ దూదిపోగు లాంటిది మహా జిత్తులమారి. అది నాలుగు సెకన్ల దాకా నీళ్ళలో నీళ్ళలాగే ఉండి, ఐదో సెకనులో ఒక్కసారి పక్కకు తిరిగి మెరుస్తుంది. ఆ ఐదో సెకను కోసమే ఆ గది ఉంది.

మనం జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడు పైన వేలాడే సీసాను చూస్తాం గానీ, దాన్ని మనకంటే ముందు ఒక మనిషి చూసి ఉంటుందని తట్టదు. తట్టక్కర్లేదు కూడా. తట్టకుండా ఉండడానికే ఆమెను అక్కడ కూర్చోబెట్టారు. ఆమె చూసి బాగుందన్న సీసా మీద, లేబులు మూలన, ఆమె నంబరు చిన్నగా పడుతుంది. డేగ నంబరు పద్నాలుగు.

ఐదు సెకన్లయిందని ఎలా తెలుస్తుంది? గడియారం చూస్తే సీసా చూడలేరు. ఒకటీ రెండూ అని లెక్కపెడితే లెక్క బాగానే సాగుతుంది, చూపు ఆగిపోతుంది. ఈ చిక్కును విప్పింది పెద్దక్క. ఆ గది తెరిచిన రోజు నుంచీ మొదటి సీట్లో కూర్చున్న మనిషి ఆమె. ఆమె ఒక కూనిరాగం కట్టింది. అందులో మాటలు లేవు, నోరు కూడా తెరవక్కర్లేదు. సగం చరణం పైకి వెళుతుంది, అది నల్లపలక. అక్కడొక ఊపిరి తీసుకోవాలి. మిగతా సగం కిందికి దిగుతుంది, అది తెల్లపలక. పెదవులు మూసుకుని గొంతులో అనుకుంటే చాలు, రాగం ముగిసేసరికి పది సెకన్లు కచ్చితంగా అయిపోయేవి. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ పెద్దక్క ముందు రాగం నేర్పేది, ఆ తర్వాతే సీసా చేతికిచ్చేది. డేగకు నేర్పిన రోజున మణికట్టు పట్టుకుని, వేలితో దాని మీద తాళం కొడుతూ, "నీళ్ళకేం తొందర లేదే. నీకెందుకు?" అంది. ఇరవై రెండేళ్ళ కిందటి మాట అది.

రెండేళ్ళ కిందట పెద్దక్క కళ్ళకు పొర కమ్మింది. సీసాలో నలకను కాదు, సీసానే రెండుగా చూడసాగింది. తానే లేచి, టోపీ తీసి దీపం మీద పెట్టి, "ఇక ఈ సీటు మీది," అని వెళ్ళిపోయింది. రాగం మాత్రం గదిలోనే ఉండిపోయింది. ఎనిమిది గొంతుల్లో, తేనెతుట్టె దగ్గర చెవి పెట్టినట్టు, రోజంతా సన్నగా మోగుతూ ఉండేది.

ఇక కథలోకి సంగీతం వచ్చిన వైనం చెప్పాలి.

ఫ్లోర్ ఆఫీసరు మంచివాడు. అతనికి వరుసలోని ఆడవాళ్ళు పెట్టిన పేరు శుభవార్త, ఎందుకంటే ఏం చెప్పడానికి వచ్చినా "ఒక శుభవార్త" అనే మొదలుపెడతాడు. నీళ్ళ మోటారు కాలిపోయినా అలాగే మొదలుపెట్టాడు. ఒకరోజు అతను నాలుగు స్పీకర్లు తెచ్చి గోడలకు బిగించి, "ఒక శుభవార్త. పని చేసేటప్పుడు పాటలు వింటే అలసట ఉండదట. ఎక్కడో పరీక్ష చేసి మరీ తేల్చారట," అన్నాడు.

మొదట మాటలున్న పాటలు వేశారు. వరుస అంతా పాట వెంట పోయింది. పల్లవి అయ్యేదాకా సీసా చేతిలోనే ఉండిపోయేది. ఒక విషాదగీతానికి పదమూడో నంబరామె ముక్కు చీదుకుంటూ కూర్చుంది. రోజుకు మనిషికి పద్నాలుగు వందల సీసాలు చూసే వరుస పన్నెండు వందలకు దిగింది. శుభవార్త బుర్ర గోక్కుని, మాటలు లేనివి, వాయిద్యాలు మాత్రమే ఉన్నవి తెచ్చాడు. అవి హుషారైనవి, వెనకాల చిన్న డప్పు ఆగకుండా మోగుతూ ఉండేది. అంతే, గది మారిపోయింది. నడుం నొప్పులు తగ్గాయి. ఫ్యాన్ రెక్క ఎవరి వైపు తిరగాలనే పాత జగడం చప్పబడింది. వారం తిరిగేసరికి పద్నాలుగు వందలు పదిహేనయ్యాయి, పదహారయ్యాయి. ఐదో వారంలో పద్దెనిమిది వందలు దాటిన రోజున శుభవార్త బోర్డు మీద ఆ అంకె రంగు సుద్దతో రాశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. డేగ కూడా కొట్టింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఆమె మరిచిపోలేదు.

రాగాన్ని ఎవరూ వదిలిపెట్టలేదు. వదిలి ఉంటే బాగుండేది, ఎవరో ఒకరు గమనించేవారు. అందరూ గొంతులో అదే రాగం తీస్తూనే ఉన్నారు, అది ముగిశాకే సీసా దించుతూనే ఉన్నారు. కాకపోతే గొంతు డప్పు వెంట పరుగెత్తింది. ఐదు సెకన్ల సగం మూడున్నర అయింది. మధ్యలో తీసుకోవాల్సిన ఊపిరి ఎక్కడో జారిపోయింది. ఎనిమిది గొంతులూ కలిసే పరుగెత్తాయి కాబట్టి ఏ గొంతుకూ తేడా తెలియలేదు. ప్రతి వెయ్యి సీసాల్లో ఇరవై తీసి రెండోసారి చూసే మనిషి ఒకామె ఉంది గానీ, ఆమె కూడా పెద్దక్క శిష్యురాలే, ఆ గదిలోనే మూల కూర్చుని ఆ రాగంతోనే చూస్తుంది. గడియారమే తప్పు నడుస్తుంటే దానితో సరిచూసుకున్న గడియారం ఏం చెబుతుంది?

పెద్దక్కకు జ్వరం వచ్చి, కాలి పుండు ముదిరి, ఆస్పత్రిలో చేర్చారని ఒక శనివారం తెలిసింది. మర్నాడు మధ్యాహ్నం డేగ చూడడానికి వెళ్ళింది. పొడుగాటి వార్డు, వరసగా ఇనప మంచాలు. పెద్దక్క చివరి మంచం మీద, సగానికి సగం చిక్కిపోయి పడుకుని ఉంది. పక్కనే ఆమె మరదలు స్టూలు మీద కూర్చుని కునికిపాట్లు పడుతోంది.

"వచ్చావటే డేగా?" అంది పెద్దక్క, మొహం చూడకుండానే.

"ఎలా గుర్తుపట్టావక్కా?"

"నడక. గుమ్మంలో ఆగి నేలంతా చూసుకుని గానీ అడుగు వెయ్యవుగా."

మరదలికి మెలకువ వచ్చింది, ముగ్గురూ నవ్వుకున్నారు. మరదలు టీ తాగి వస్తానని లేచింది. "నిన్నటి నుంచీ మూడు సీసాలు ఎక్కించారమ్మా, ఇది నాలుగోది. ఇది తగిలించడానికి నర్సు వస్తుంది, చూస్తూ ఉండు," అని మంచం పక్క బల్ల మీద పెట్టిన కొత్త సీసా చూపించి వెళ్ళింది. స్టాండుకు ఇంకా ఏదీ తగిలించలేదు. మూడోది అయిపోయాక దాన్ని తీసేసి, నాలుగోది బల్ల మీద పెట్టి, నర్సు వేరే మంచం దగ్గరికి వెళ్ళింది.

సీసా కనబడితే డేగ చెయ్యి ఊరుకోదు. కబుర్లు చెబుతూనే దాన్ని తీసింది. మెడ పట్టుకుని, తలకిందులు చేసి, తిప్పి, తన నల్ల చేతిసంచీ ముందు పెట్టింది. తర్వాత తెల్లగోడ ముందు పెట్టింది. గొంతులో రాగం సాగింది. ఏమీ లేదు. కింద పెట్టబోయింది.

"ఏమిటే అంత తొందర?" అంది పెద్దక్క.

"ఏం తొందరక్కా?"

"రాగం అలా పరుగెడుతోందేం? ఎవరు తరుముతున్నారే నిన్ను?"

డేగ తెల్లబోయింది. "మామూలుగానే తీశానక్కా."

"మామూలుగానా?" పెద్దక్క పొర కమ్మిన కళ్ళు పైకప్పు వైపు తిరిగాయి. జ్వరంతో ఎండిన గొంతులోంచి రాగం సన్నగా మొదలైంది. డేగ సీసాను మళ్ళీ తిప్పి, ఆ గొంతు వెంట చూసింది. పెద్దక్క రాగం ఎంత నెమ్మదిగా ఎక్కుతోందంటే, డేగకు మధ్యలో రెండుసార్లు చెయ్యి దించేయాలనిపించింది. దించలేదు. ఆ సగం చరణం చిట్టచివర, నల్లసంచీ ముందు, నీళ్ళలో నీళ్ళలా ఉన్నదేదో పక్కకు తిరిగి తళుక్కుమంది.

గోరంత పొడవున్న దూదిపోగు.

డేగ సీసాను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని లేబులు మూల చూసింది. పద్నాలుగు.

"దొరికిందా?" అంది పెద్దక్క. నేర్పిన మనిషి కదా, ఊపిరి పట్టడం వినే పోల్చుకుంది.

"పోగు, అక్కా."

"ఎవరిది? నంబరెంత?"

ఇక్కడ ఆమె నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఇరవై రెండేళ్ళ కిందట మణికట్టు పట్టుకుని నేర్పిన మనిషి అలా పడి ఉంటే, నాలుక మడత పడింది.

"చెరిగిపోయిందక్కా. కనబడటం లేదు."

పెద్దక్క దుప్పటి ఛాతీ మీదికి లాక్కుంది. తర్వాత, "మన వరుసది అయ్యుండదులే," అంది. "మన వరుసలో అలాంటిది దాటదు."

నర్సు వచ్చింది. డేగ పోగు చూపించింది. ఆమెకు మొదట కనబడలేదు, రెండోసారి కనబడింది. ఆ పెట్టెలో సీసాలన్నీ పక్కన పెట్టించి, వేరే కంపెనీ సీసా తెచ్చి తగిలించింది. వరండాలోకి వచ్చాక డేగ అడిగింది: "నిన్నటి నుంచీ ఎక్కించిన మూడూ ఈ పెట్టెలోవేనా?"

"ఈ పెట్టెలోవే."

"ఖాళీ సీసాలు ఎక్కడున్నాయమ్మా?"

"ఎప్పుడో బండిలో పోయాయి. ఖాళీ సీసాలు దాచుకుంటామా?"

ఒక పెట్టెలో సీసాలన్నీ ఒకే మనిషి చూసినవై ఉంటాయి. ఈ సంగతి నర్సుకు తెలియదు, డేగకు తెలుసు. దొరికిన సీసాను నర్సును అడిగి నల్లసంచీలో పెట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది. దారి పొడుగునా సంచీలో నీళ్ళు కదులుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. సీసా మెడ దాకా నిండుగా ఉంది, చప్పుడు చేసేంత ఖాళీ లేదు. అయినా వినబడింది.

భర్త విషయం విని, వెంటనే ఓదార్చలేదు. అదే అతనిలో మంచి గుణం.

"నేను బ్రేకులు బిగించి పంపిన బస్సుల్లో ఏదైనా దారిలో గుద్దిందని వింటే, ముందు బస్సు నంబరు అడుగుతాను," అన్నాడు. "దెబ్బలు ఎవరికి తగిలాయి, ఎలా ఉన్నారు, అవన్నీ తర్వాత. నాది కాదంటే హాయిగా భోంచేస్తాను. భోంచేశాక సిగ్గేస్తుంది."

"నాదే అయింది కదా," అంది డేగ.

"అయితే రేపు వెళ్ళి చెప్పు. తప్పు నీ ఒక్కదానిదే అని చెప్పకు, ఎలా జరిగిందో చెప్పు."

సోమవారం పొద్దున్నే ఆమె సీసాను శుభవార్త బల్ల మీద పెట్టింది. రాగం సంగతి అతనికి ఎప్పుడూ తెలియదు. ఆడవాళ్ళు ఏదో కూనిరాగాలు తీసుకుంటారనుకున్నాడు. మొత్తం విన్నాక, పాపం, అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అతని దగ్గర పరీక్ష కోసం దాచిన యాభై సీసాలున్నాయి, వాటిలో పదింటిలో నలకలు ఉన్నాయి. డప్పు మోగుతుండగా అవి చూడమన్నాడు. పరీక్ష అని తెలిసి, కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూసినా, డేగకు ఏడే దొరికాయి. స్పీకర్లు ఆపించి మళ్ళీ చూడమన్నాడు. ఎనిమిది దొరికాయి. ఆపినా పది రాలేదు. వరుసలో మిగతా ఏడుగురినీ కూర్చోబెట్టాడు. అందరిదీ అదే తంతు. స్పీకర్లు నోరు మూసుకున్నాయి గానీ, డప్పు ఆరు వారాలుగా గొంతుల్లో కాపురం పెట్టింది. నెమ్మదిగా తీద్దామని మొదలుపెట్టిన రాగం మూడో స్వరం దగ్గరే పరుగందుకునేది.

పదమూడో నంబరామె ఊరుకోలేదు. "నీకు కనబడనిదానికి మా అందరినీ ఎందుకీడుస్తావు? పద్దెనిమిది వందలు చూసిన రోజున నువ్వూ చప్పట్లు కొట్టావుగా?"

"కొట్టాను."

"మరి?"

"అందుకే చెబుతున్నా వదినా. కొట్టిన చేతులు నావి కూడా."

ఆమె తిట్టడం ఆపి, దీపం వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఆమె కూతురికి పోయిన నెలలో ఆస్పత్రిలో సీసాలు ఎక్కించారని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. కూతురు కోలుకుని ఇంటికి వచ్చింది. అయినా ఆ గదిలో ఆ పూట ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

ఆరు వారాల్లో పంపిన పెట్టెలన్నీ వెనక్కి పంపమని అన్ని చోట్లకూ కబుర్లు వెళ్ళాయి. నింపే యంత్రాలు ఆపేశారు. మర్నాటికే దగ్గరి ఊళ్ళ నుంచి తిరిగి వచ్చిన పెట్టెలు గది బయట గుట్టపడుతున్నాయి. వాటిని మళ్ళీ చూడాలి. చూడాలంటే ఐదు సెకన్లు కావాలి. శుభవార్త గోడ గడియారం తెచ్చి ఎదురుగా పెట్టాడు. కళ్ళన్నీ సెకన్ల ముల్లు మీదికే పోయాయి. గంట కొట్టించి చూశాడు. గంట ఎప్పుడు మోగుతుందా అని అందరూ ఉలిక్కిపడడానికి సిద్ధంగా కూర్చున్నారు. చివరికి డేగ టోపీ తీసేసి, "అక్క దగ్గరికి వెళ్ళొస్తాను సార్. ఆవిడ గొంతులో తప్ప అది ఇంకెక్కడా లేదు," అంది.

మంగళవారం సాయంత్రానికి పెద్దక్క పరిస్థితి మారిపోయింది. ముక్కుకూ నోటికీ గాలి గొట్టం తొడుగు పెట్టారు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మరదలు కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "పొద్దున్నుంచీ ఆయాసమే. మాట లేదు," అంది.

రాగం అడగడానికి వచ్చిన డేగ ఆ తొడుగు చూసి ఇక ఆ మాట ఎత్తలేదు. మంచం పక్కన కూర్చుని, పెద్దక్క చెవి దగ్గర వంగింది.

"అక్కా, నేను డేగని. మొన్న అబద్ధమాడాను. నంబరు చెరిగిపోలేదు. పద్నాలుగు. మన వరుసదే, నాదే. ముందు ఎక్కించిన మూడూ నావే. పాటల వెంట పరుగెత్తి చూడకుండా వదిలేశాను."

పెద్దక్క కళ్ళు తెరవలేదు. ఆయాసం ఆగలేదు. చాలాసేపటి తర్వాత, మంచం మీద ఉన్న చెయ్యి మెల్లగా కదిలి, డేగ మణికట్టును వెతుక్కుని పట్టుకుంది. చూపుడు వేలు దాని మీద ఒకసారి తగిలింది. మళ్ళీ తగిలింది. ఆ ఛాతీ అంత తొందరలో కొట్టుకుంటున్నా, వేలు మాత్రం తొందరపడలేదు. సగం చరణం, ఒక ఊపిరి ఆగడం, మళ్ళీ సగం. రెండుసార్లు పూర్తిగా కొట్టింది. మూడోసారి తెల్లపలక దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

అది క్షమించడమో, మందలించడమో, అసలు ఆ మాటలు వినబడ్డాయో లేదో, వేలికి అలవాటై కదిలిందో డేగకు తెలియదు. తెలుసుకునే వీలు కూడా లేకపోయింది. బుధవారం పొద్దున్న పెద్దక్క పోయింది.

డాక్టరు పెద్దమనిషి. పుండులోని విషం నెత్తురులోకి పాకిందని, వయసు కూడా తోడైందని చెప్పాడు. డేగ సీసాల సంగతి ఎత్తింది. "దానికీ దీనికీ ముడిపెట్టుకోకండి," అన్నాడు.

"ముడి లేదని చెప్పగలరా డాక్టరుగారూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "లేదని చెప్పలేను. ఉందనీ చెప్పలేను," అన్నాడు. ఆమెకు దక్కిన తీర్పు అంతే.

గురువారం ఆమె గదిలో ఒక్కొక్కరి పక్కన కూర్చుని, మణికట్టు పట్టుకుని తాళం కొట్టింది. పదమూడో నంబరామె దగ్గర గంటసేపు కొట్టింది. సాయంత్రానికి ఎనిమిది గొంతులూ నెమ్మదించాయి, పోయిన ఊపిరి మధ్యలోకి తిరిగి వచ్చింది. పరీక్ష సీసాల్లో పదికి పదీ దొరికాయి. ఆపైన కొన్ని వారాలు చూస్తే, తిరిగి వచ్చిన పెట్టెల్లో మొత్తం పంతొమ్మిది సీసాల్లో నలకలు దొరికాయి. వాటిలో ఆరింటి మీద పద్నాలుగు ఉంది. తిరిగి రానివి వచ్చినవాటి కంటే ఎక్కువ. అవి ఎవరెవరి ఒంట్లోకి వెళ్ళాయో, ఎంతమంది లేచి ఇంటికి నడిచారో, ఎవరు నడవలేదో ఆ గదికి ఎన్నటికీ తెలియదు. స్పీకర్లను శుభవార్తే స్వయంగా ఊడదీశాడు. ఆ పని మొదలుపెట్టేటప్పుడు "ఒక శుభవార్త" అనలేదు. గోడల మీద వాటి మరలు దిగిన చిల్లులు మాత్రం మిగిలాయి.

డేగ ఉద్యోగం పోలేదు. పోతే తేలికపడేదేమో. ఇప్పుడు ఆమెకు డప్పు ఎక్కడపడితే అక్కడ వినబడుతుంది. కొళాయి కారితే డప్పు. బస్సు కిటికీ అద్దం గడగడలాడితే డప్పు. పక్కింటివాళ్ళు ఏదైనా హుషారైన పాట పెడితే చేతిలో పని వదిలేసి, పాట అయ్యేదాకా అలా నిలబడిపోతుంది. భర్త ఇంట్లో రేడియో తీసి అటక మీద పెట్టేశాడు. అడిగితే పాడైపోయిందన్నాడు. అది పాడవలేదని ఆమెకు తెలుసు, తెలుసని అతనికీ తెలుసు.

పనిలో మాత్రం డప్పు రాదు. అక్కడ వచ్చేది వేరు. నల్లపలక అయ్యాక, తెల్లపలకకు ముందు, వరుస అంతా ఊపిరి తీసుకునే ఆ చిన్న ఖాళీలో ఎనిమిది ఊపిరులు వినబడాలి. డేగకు తొమ్మిది వినబడతాయి. తొమ్మిదోది ఆయాసంతో ఉంటుంది. పదమూడో నంబరామెను ఒకసారి అడుగుదామనుకుంది. ఆమె ముఖం చూశాక అడగక్కర్లేదని అర్థమైంది.

ఇంకొక్కటి ఉంది. రోజూ పని అయిపోయి, అందరూ దీపాలు ఆర్పుతుంటే, పద్నాలుగో నంబరు దీపం ఒక్కటి వెలుగుతూ ఉంటుంది. ఆమె ఖాళీ చేతిని ఎత్తి, లేని సీసాను మెడ దగ్గర పట్టుకుని, తలకిందులు చేసి, తిప్పి, నల్లపలక ముందు పట్టుకుంటుంది. రాగం పూర్తిగా తీస్తుంది. ఊపిరి తీసుకుంటుంది. తెల్లపలక ముందు పట్టుకుంటుంది. అలా మూడుసార్లు చేస్తుంది. మొదట్లో వరుస ముక్కున వేలేసుకుంది. ఇప్పుడు మిగతా ఏడుగురూ టోపీలు చేతిలో పట్టుకుని, అది అయ్యేదాకా గుమ్మం దగ్గర నిలబడతారు. ఒకరిద్దరి గొంతులో రాగం తోడు కూడా వస్తుంది.

ఆ మూడింటిలో ఆమెకు ఇంతవరకూ నలక కనబడలేదు. రిజిస్టరులో రోజు లెక్క రాసేటప్పుడు, 'చూసినవి' అన్న చోట మూడు కలిపి రాస్తుంది. 'బాగున్నవి' అన్న చోట ఆ మూడూ కలపడానికి ఆమెకు చెయ్యి ఆడదు. రోజూ మూడు తేడా వస్తుంది. శుభవార్త ఆ తేడా చూసి, కింద సంతకం పెట్టి, పేజీ తిప్పుతాడు.